తరుగు

మోండా మార్కెట్ వెనక సందులో
సదానందాచారి త్రాసు అద్దాల పెట్టెలో ఉంటుంది,
ఫ్యాను గాలి సోకకుండా.
అందులో నేను పెట్టింది గొలుసు కాదు,
ఒక కారబైనర్.
ఎర్ర అంకెలు కాసేపు తడబడి
నలభై రెండు దగ్గర నిలబడ్డాయి.

"నాలుగు తులాల మీద రెండు గ్రాములు.
ఇంతకీ ఏం లోహమమ్మా?"
అల్యూమినియం అన్నాను.
కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి నవ్వాడు.
"మరి దీనికి తరుగెంత పట్టిన్రు?"

అట్ట మీద అచ్చేసింది నలభై.
రెండు గ్రాముల అబద్ధం.
నా మొహంలో ఏం చూశాడో
త్రాసుని సున్నాకి తెచ్చి మళ్ళీ తూచాడు.
నలభై రెండే.

సెప్టెంబరులో ఎక్కబోయే మంచుకొండకి
వీపు మీద పద్నాలుగు కిలోలు దాటకూడదు.
టూత్‌బ్రష్ పిడి సగానికి కోసేశాను.
సబ్బు నాలుగోవంతు చాలనుకున్నాను.
టెంటు సంచీకున్న కంపెనీ గుడ్డముక్క కూడా
కత్తెరతో కత్తిరించి, కాస్త సిగ్గుపడ్డాను.
తీరా ఈ ఐదు కొక్కేల దగ్గర
మూడు వారాలుగా ఆగిపోయాను.

బోడుప్పల్‌లో మా ఫ్రిజ్,
పచ్చి బఠాణీల పక్కన, ఐస్ ట్రే కింద,
తడిపి పెట్టిన మూడు రకాల తాళాలు.
తెల్లారి ఉన్ని గ్లోవులేసుకుని
వంటగట్టు దగ్గర నిలబడ్డాను.
దానంతటదే పడే తాళం బిగుసుకుపోయింది,
అలిగిన పిల్లలా ఎంతకీ నోరు విప్పలేదు.
మర తిప్పేది గొణుక్కుంటూ తెరుచుకుంది.
అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా తేలికది
గ్లోవులో ఎక్కడుందో
వేళ్ళకే తెలియలేదు.
పాలు పొంగాయి.

ఐలేశ్‌కి చూపించాను.
వారానికి ఆరు రోజులు హైటెక్ సిటీలో
ఇరవై రెండో అంతస్తు నుంచి తాడు మీద దిగుతూ
అద్దాలు తుడుస్తాడు.
ఆదివారం ఖాజాగూడ రాళ్ళ మీద నాకు తాడు పడతాడు.
అరచేతిలో ఎగరేసి చూశాడు.
"గింత అల్కగుంటే
ఉన్నట్టే తెల్వది గదా అక్కా."

తెలియకపోవడానికే కదా
ఇన్ని డబ్బులు పోస్తున్నది!

తన నడుము నుంచి ఉక్కుది తీసి నా చేతిలో పెట్టాడు.
ఇరవై తులాలకి పైమాటే.
మణికట్టు దానంతటదే కిందికి వంగింది.
"బరువుంటే యాదికుంటది," అన్నాడు.

ఆ తర్వాత నా పాతది అడిగి తీసుకుని
వంపు లోపల బొటనవేలితో రాశాడు.
అక్కడ ఒక గాడి.
నాలుగేళ్ళుగా అదే చోట తాడు జారి జారి,
తాడుతోపాటు రాతిపొడి పాకి పాకి,
గోరు పట్టేంత లోతు.
నేనెప్పుడూ చూసుకోలేదు.
చారి గారూ, తరుగెంతన్నారు కదా,
ఇదిగో, ఇంత.

మాకు రెండువైపులా గుట్టలు.
ఒకటింకా రాయి.
ఒకటి కంకరై, లారీలెక్కి,
ఐలేశ్ తుడిచే అద్దాల కిందికి చేరింది.

కొనేశాను చివరికి.
కదలకుండా వేలాడేచోటికి సన్నవి నాలుగు.
తాడు పరిగెత్తేచోటికి మాత్రం
వెడల్పు పొట్టది, లావుపాటిది, ఒకటి.
మిగిల్చిన గ్రాముల్లో ముప్పాతిక వంతు
అదొక్కటే తినేసింది.
టూత్‌బ్రష్ పిడి పోతే పోయింది.

ఇవాళ ఆరున్నరకి ఎండ ఇంకా రాయిని తాకలేదు.
కొత్తదాని మర తిప్పుతుంటే
ఇంట్లో కన్నా మెల్లగా తిరుగుతోంది.
కింద రింగురోడ్డు మీద ఎవరిదో హారన్.
తల ఎత్తకుండానే అడిగాడు:

"సుట్టినవా?"

చుట్టాను.
అయినా బొటనవేలితో ఇంకోసారి నొక్కి చూసి,
అప్పుడన్నాను,

"సుట్టిన."