మూడో వైపు

కొరియర్ కుర్రాడిచ్చిన పెట్టె బరువుగానే ఉంది.
రెండు ప్లేట్లు, నిగనిగలాడే అట్ట,
శబ్దం శుభ్రం చేశామని బంగారు ముద్ర.
అరవై ఏడేళ్ల చెవులకి శుభ్రమేటి?

పాతది డెబ్బై ఎనిమిదిలో
గ్రీకు ఓడ వంటవాడి దగ్గర
రెండు కేజీల ఎండురొయ్యలకి మార్చాం, నేనూ రోలండూ.
జ్ఞానాపురంలో వాళ్ల మేడ మీద
ఇంగ్లీషు సగమే అర్థమయ్యే రాక్ ఒపెరా.
యార్డులో వేగన్లు గుద్దుకున్నప్పుడల్లా
ముల్లు ఉలిక్కిపడేది.
ఖనిజం ధూళి గాడుల్లోకి ఎర్రగా దిగేది.

మూడో వైపు, నాలుగో పాట.
కొడుకు తలుపు కొడతాడు.
టక్‌మని ముల్లు దూకేది,
వానలో తడిసే శ్మశానంలో తేలేవాళ్లం.
"తియ్యలేదురా ముసలోడు," అనేవాడు రోలండ్,
"మా నాన్నా అంతే."
ఆ నాన్న పోయిన రోజు
వాడు షంటింగ్ డ్యూటీ మార్చుకోలేదు.

ఈ రాత్రి ముల్లు దూకలేదు.
తలుపు చప్పుడు తర్వాత
పదకొండు సెకన్లు, నేనెన్నడూ విననివి:
గొళ్లెం. చెప్పుల ఈడ్పు.
ఇన్నేళ్లూ ఉందనే తెలియని ఓ ముసలి గొంతు
ఇంగ్లీషులో ఏదో అడిగింది,
అన్నం తిన్నావా లాంటిది.

మళ్లీ పెట్టాను. మళ్లీ.
డాల్ఫిన్ నోస్ అవతల ఓడ ఒకటి కూత వేసింది,
అదీ పాటలోదే అనుకున్నాను.

రోలండ్ చెవులు యార్డు తినేసింది.
ఏం చెప్పాలన్నా కాగితమే.
కరెంటు బిల్లు వెనక రాశాను,
"తలుపు తీశాడ్రా."
మడిచి జేబులో పెట్టుకున్నాను.
తీసి,
కొట్టేశాను.
కొట్టేసినా కనబడుతోంది.