ఎనిమిది మెట్లు

కుతాయిసిలో తెల్లవారుజాము నాలుగు.
రియోని నది చప్పుడు తప్ప
వీధిలో మరో పలుకు లేదు.
నేలమాళిగలో నేనూ, మా మట్టి పొయ్యీ.
బావిలా లోతైన పొయ్యి.
సగం ఒళ్లు అందులోకి వంచి
పడవలాంటి రొట్టెను లోపలి గోడకు చరుస్తున్నాను.

మెట్ల మీద అడుగులు.
ఉన్నవి ఎనిమిది మెట్లు.
అయిదో దాని మీద అడుగులు ఆగిపోయాయి.

"జ్వరమా, త్సోత్నే?"
తల అడ్డంగా ఊపాడు.
"ఆకలా?"
మళ్లీ అడ్డంగానే.
పద్నాలుగేళ్లవాడు, మీసం మొలిచీ మొలవనివాడు,
ఫోను పట్టుకున్న తీరు మాత్రం
చచ్చిన పిట్టను పట్టుకున్నట్టుంది.

ఏమైందని అడగలేదు.
అడిగితే ఏమీ లేదంటాడు.
పిండిముద్ద ఒకటి తుంచి ముందు పెట్టాను.
"కాస్త పిసుకు, నాకు నడుం నొప్పిగా ఉంది."
నడుం నొప్పి అబద్ధం.

చేతులకు పని దొరికితే
నోటికి ధైర్యం వస్తుంది కాబోలు.
పిండితోనే మాట్లాడాడు, నాతో కాదు.
ఆ అమ్మాయి పేరు నియా అట.
బతూమిలో చదువుతోందట.
మూడు వారాల స్నేహం.
వీడి కవితలు చాలా బాగున్నాయందట.
(వీడు కవితలు రాస్తాడని
నాకు తెలిసింది అప్పుడే.)
ఒక ఫొటో అడిగింది. పంపాడు.
పంపిన నిమిషానికి
ఆ అమ్మాయి అమ్మాయి కాకుండా పోయింది.
తెల్లారేలోగా డబ్బు కావాలట,
మా రెండు నెలల రొట్టెలంత డబ్బు.
లేకపోతే అందరూ చూస్తారట.
ఆ అందరి పేర్లూ వరసగా రాసి పంపాడు ఆ ఎవడో.
క్లాసులో పిల్లలు, లెక్కల టీచరు,
చిట్టచివర నేను:
ఎతెరి, రొట్టెల దుకాణం.

నా నోట్లోకి వచ్చిన మొదటి మాట
పొయ్యి కంటే వేడిగా ఉంది.
బుద్ధుందా నీకు, అనబోయాను.
అప్పుడే నా ముంజేతి మచ్చ కంటపడింది.

ఏడేళ్లప్పుడు ఈ పొయ్యే నన్ను కరిచింది.
దగ్గరికి పోవద్దని అమ్మ నూరుసార్లు చెప్పింది కదా,
అందుకే కాలిన సంగతి ఒక్కసారీ చెప్పలేదు.
ఎండాకాలంలో పొడుగుచేతుల చొక్కాతో
మూడు రోజులు తిరిగాను.
చీము పట్టింది.
కాలింది వేలెడంత,
దాచినందుకు మూరెడంత.

మాట మింగాను. గొంతు కాలింది.
"మంచి పని చేశావు" అన్నాను.
బిత్తరపోయి చూశాడు.
"ఫొటో సంగతి కాదురా,
ఆ మిగిలిన మూడు మెట్లూ దిగావే, అది."

అప్పుడు ఏడ్చాడు.
ఆ ముద్ద అమ్మకానికి పనికిరాలేదు.

డబ్బు పంపలేదు. జవాబివ్వలేదు.
అన్నీ చెరిపేస్తానన్నాడు, వద్దన్నాను.
అడుగుజాడలు చెరిపితే లాభం దొంగకే.
బెదిరింపులన్నీ తారీఖులతో సహా భద్రం చేసి
వాడికి దారి మూసేసి
తొమ్మిదింటికి స్టేషనుకు పోయాం.
తమ్తా అనే పోలీసు అమ్మాయి
కుర్చీ ముందు వీడికి వేసింది, తర్వాత నాకు.
"ఈ వారంలో నువ్వు మూడోవాడివి" అంది.
ఆ మాటకే వీడి భుజాలు కొంచెం దిగాయి.

ఆ ఖాతా మాయమైంది.
ఫొటో ఎక్కడికైనా పోయిందో లేదో
ఇవాల్టికీ తెలియదు.
ఆ తెలియకపోవడంతోనే కాపురం చేస్తున్నాం.

మా ఆయన బద్రి బస్సు డ్రైవరు.
విని, ఫోను నదిలోకి విసిరేస్తానన్నాడు.
"విసురు. రేపు వాడికి ఇంకొకరి ఫోను దొరుకుతుంది.
నువ్వు మాత్రం దొరకవు" అన్నాను.
ఆయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు.
పడుకోబోయే ముందు తన ఫోను తెచ్చి
పిండి అలమరలో పెట్టాడు, మాట్లాడకుండా.
ఇప్పుడు మూడు ఫోనులూ రాత్రిళ్లు అక్కడే.
పొద్దున్నే దులుపుకోవాలి, అదొక పని.

కవితలు చూపించమని నేను అడగలేదు.
మొన్న రొట్టెల బుట్ట కింద
మడిచిన కాగితం ఒకటి దొరికింది.
ఎనిమిది పంక్తులు. నది గురించి.
ఆఖరి పంక్తి బాగాలేదు.
ఆ మాటే చెప్పాను.
"అవును, నాకూ అనిపించింది" అని
పెన్ను కోసం వెతుక్కున్నాడు.