ఇరువై అయిదో బీడీ

కాకతీయ కాలువల ముంచి లేపినప్పుడు
పుష్యమాసపు నీళ్లకు పండ్లు పటపట కొట్టుకున్నయి.
"ఇగ నువ్వు కొత్త మనిషివి" అన్నడు ఏలియా పాస్టరు.
తెల్లారి చూసుకున్న.
ఒళ్లె అదే చాట, అదే కత్తెర,
రాత్రి నానబెట్టిన తునికాకుది అదే పచ్చివాసన.
పేరు తబిత అయింది గాని
పీఎఫ్ కార్డు మీద ఇంకా మల్లవ్వనే.
కోరుట్ల కార్ఖానల గుమాస్త "మల్లవ్వా" అని పిలిస్తె
ఒక గడియ ఆగి పలుకుత,
చచ్చినామె తరపున జవాబు చెప్పినట్టు.

మూడో ఆదివారం పాస్టరు
చెప్పులిడిసి గడప మీద కూసున్నడు.
"అక్కా, పొగాకు పని ఇడిసిపెట్టరాదా?"
దారం చుట్టుకుంటనే అడిగిన:
"ఇడిసి ఏం తినాలె తమ్మీ?"
చానసేపు చాట దిక్కు చూసిండు.
"మా అమ్మ గూడ చేసింది.
నా చదువు ఫీజంత గీ కట్టలే" అన్నడు,
ఎవలకూ చెప్పొద్దన్నట్టు, మెల్లగ.
చాయ్ తాగి పోయిండు.
ఆ మాట మల్ల ఎత్తలె.

ఇప్పుడు నా సంగతి చెప్త.
కట్టకు ఇరువై అయిదు.
వెయ్యికి నలుబై కట్టలు.
పద్దెనిమిదేండ్లు నేను ఇరువై నాలుగే కట్టిన,
అన్నీ కాదు, నడిమిట్ల దాచెటియి.
మిగిలినయి రేపటి వెయ్యిల కలిసేటియి.
తప్పనిపించలె.
టేకేదారు ఆకు తూకంల కోస్తడు,
చాలని ఆకు మేం బజార్ల కొంటం,
మంచి బీడీలనే చాటన్ల తీసి పారేస్తడు,
పారేసినయి మల్ల వాడే అమ్ముకుంటడు.
దొంగకు దొంగ లెక్క. సరి.

కాలువల మునిగినంక ఆ లెక్క సరి కాలె.
ఏ వాక్యం గుర్తుకు రాలె, ఏ గొంతు వినబడలె.
దారం ముడేస్తుంటె ఏలు ఆగింది, అంతే.
కట్ట ఇప్పి ఇంకోటి పెట్టిన.
ఇప్పుడు రోజూ అరగంట ఎక్కువ,
మెడనొప్పి ఎక్కువ, కరెంటు బిల్లు ఎక్కువ.
టేకేదారు కాంట ఇంకా అట్లనే ఉన్నది.
దానిమీద కొట్లాడుత గూడ,
మొన్న యూనియన్ల నేనే ముందు నిలబడ్డ.
నమ్ముకున్నామె నోరు మూసుకోవాలని యాడుంది?

తోటికోడలు భూదవ్వ మాట్లాడక రెండేండ్లు.
పోచమ్మ పండుగకు బోనం ఎత్తలేదని
"అత్త నెత్తి మీది కుండ నేలకు పెట్టినవు" అన్నది.
ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.
అత్త నాకు గూడ అత్తనే.
శ్రావణంల డప్పు మోగితె
తలుపు ఏసుకుంట గాని
కాలు ఆగది, అబద్ధమెందుకు.

మొన్నటి ఆనకాలం భూదవ్వకు టైఫాయిడ్.
బీడీలు ఇయ్యకపోతె కార్డు మీద హాజరు పోతది.
వాళ్లింటికి పోయి నానిన ఆకు ఎత్తుకచ్చిన.
పదకొండు దినాలు
నాయి వెయ్యి, ఆమెయి అయిదు నూర్లు.
"నీ దేవుడు చెయ్యమన్నడా?"
మంచంల నుంచి అడిగింది.
"ఆకు ఎండిపోతదని" అన్న.
నవ్విందో దగ్గిందో తెల్వలె.
లేచినంక గూడ ఎక్కువ మాట్లాడది.
గాని నా ముందటనే కట్టలు లెక్కవెడ్తది, గట్టిగ,
ఇరువై మూడు, ఇరువై నాలుగు...
ఆడ ఆగి నా మొకం చూస్తది.

రాత్రి చేతులు సబ్బుతోని మూడుసార్లు కడుగుత.
జోడిస్తె ముక్కుకు తంబాకే.
గీ చేతులే ఉన్నయి ప్రభువా, వేరేయి లేవు.
బిడ్డకు మిషన్ కుట్టు నేర్పిస్తున్న,
దాని చేతులకన్న గీ వాసన అంటనియ్యకు.
ఇంకొకటి.
నేను కొత్తగ కలిపిన ఆ ఇరువై అయిదో బీడీ
షోలాపూర్లనో నాగపూర్లనో
ఏ రిక్షా ఆయనో ముట్టిచ్చుకుంటడు.
నా నిజాయితీ ఆయన రొమ్ముల పొగ అయితది.
గీ లెక్క నాకు తెగుతలేదు.
ఆయన పేరు నాకు తెల్వదు, నీకెరుక.
ఆయనను దగ్గనియ్యకు.

రేపటి ఆకు నానబెట్టి పండుత.