నిషేధానికి గడువు

మా భాషకి మేమిద్దరమే.
కట్టినవాడు హెల్దుర్. పలికేదాన్ని నేను, మైమూ,
ముస్త్‌వే గ్రంథాలయంలో
పుస్తకాలు ఆలస్యంగా తెచ్చేవాళ్ళ పేర్లు రాసుకునేదాన్ని.

నామవాచకాలు ఒక్క శీతాకాలంలో అయిపోయాయి.
చేపలకే పంతొమ్మిది.
ఆజ్ఞల దగ్గర రెండేళ్ళు ఆగాడు.
పదకొండేళ్ళు జైలు బురుజు మీద కాపలా కాసిన నోరు అది.
లే, నడు, గోడకి తిరుగు:
ఆ క్రియలు నాలుక మీద ఇంకా బూట్లు విప్పలేదనేవాడు.

చివరికి ఇలా కుదిర్చాడు.
చెప్పేవాడు క్రియని పూర్తిగా పలకకూడదు.
"సోలెమా" అంటే వెళ్ళడం.
"సోలె" దగ్గర ఆపెయ్యాలి.
ఆ "మా" విన్నవాడి సొత్తు.
ఇష్టమైతే పలుకుతాడు, లేదంటే మాట అక్కడే
ఓరగా వేసిన తలుపులా చలిగాలి తోలుతుంటుంది.
ఒకసారి ఉప్పు అందించమన్నాడు.
నేను చివరి అక్షరం పలకలేదు.
చప్పటి సూపు తాగి మురిసిపోయాడు,
వ్యాకరణం పనిచేస్తోందని.

నిషేధం ఇంకా కష్టం.
వద్దు అనే ముక్క ఆ భాషలో ఒంటరిగా నిలబడదు,
పక్కన గడువు ఉండాలి.
తాకకు, ఆరేదాకా.
మాట్లాడకు, కెటిల్ కూత పెట్టేదాకా.
"ఎప్పటికీ" కోసం నిఘంటువంతా వెతికాను.
లేదు. మరిచిపోయి కాదు.

మార్చిలో పైప్సి సరస్సు మీద మంచు బూడిదరంగుకి తిరిగింది.
ఉల్లి మళ్ళ ఫియోక్లా మనవడు, సవ్వాతి,
తోపుడు స్లెడ్జి మీద నల్లటి చోటు వైపు పోతున్నాడు.
హెల్దుర్ నోరు తెరిచాడు.
సగం క్రియ, గడువు, అవతలివాడి ఇష్టం
అన్నీ గొంతులో వరసకట్టాయి. ఒక్కటీ కదల్లేదు.

"స్తోయ్!"

బురుజు మీది గొంతు. అంతకుముందు నేను విననిది.
గట్టు మీద నా కాళ్ళూ ఆగిపోయాయి.
పిల్లవాడు ఆగాడు.

నాలుగు రోజులు నోట్‌బుక్ తెరవలేదు.
కుర్రాడు బతికాడు కదా అంటే,
"వాడు అచ్చం వాళ్ళలాగే ఆగాడు మైమూ,
చేతులు పైకెత్తి" అన్నాడు.

ఆ రాత్రి నిఘంటువులో నేనే రాశాను, పెన్సిల్‌తో:
స్తోయ్. పరాయి మాట. సగానికి విరగదు.
మంచు మీద మాత్రమే.
గడువు, గట్టు చేరేదాకా.
అన్నవాడు అంతసేపూ
చెయ్యి చాచి అక్కడే నిలబడాలి.

పుస్తకం అతని ముందుకి తోసి
చదవమన్నాను, మా భాషలోనే, చివర మింగి.
ఇంకా జవాబు లేదు.
టీ మీద మీగడ కట్టింది.
మళ్ళీ అడగను,
సరస్సు కరిగేదాకా.