మే నెల, పదమూడు లీటర్లు

హైడ్రోక్వినోన్‌ను ముందే వద్దనుకున్న.
చలిల ముడుసుకొని పంటది,
సిరోంచ ఎండల నిప్పు తొక్కిన కోతి.
నలభై ఆరు డిగ్రీల పగటీలి
దాని చేతుల ఒక మొఖాన్ని ఎట్ల పెడ్త?

పైరో మంచిదన్నడు చంద్రపూర్ దుకాణంల మొయినుద్దీన్,
మొగులును పొరలు పొరలు ఇప్పి చూపెడ్తదట.
వేళ్లు కాసు రంగుకు తిరుగుతయి, పీలిస్తె విషం,
తెల్లారెసరికి తొట్టిలనే సచ్చిపోతది.
అయినా నాకు మొగులెక్కడిది
జూన్ దాక?

నల్లరబ్బరు తొట్లు మూడు.
మందు తొట్టి నిండాలంటె పదమూడు లీటర్లు,
కడిగేది వారానికి ఐదారు షీట్లు.
వాడి పారబోసే మందైతే
ముందుగాల నన్నే పారబోస్తది.
నెలల తరబడి ఒక్కదానితోనే ఎల్లదీయాలె.
సంబంధం చూసినట్టే చూసిన, ఏడాది.

అసలు తిప్పలు దుర్గం బక్కయ్య రుమాలుతోటి.
వంతెన పడ్డంక నావ ఒడ్డుకెక్కింది,
దాన్ని కట్టెకు అమ్మకముందు
పక్కన కూసొని ఒక ఫోటో దిగాలన్నడు.
తలకు తెల్ల రుమాలు, కింద ప్రాణహిత ఎండిచ్చిన మొఖం,
రెంటి నడుమ పగటికీ రాత్రికీ ఉన్నంత ఎడం.
పుస్తకంల నిమిషాలు ఎవరి మొఖం చూసి రాసిన్రో!
ఆ లెక్కన కడిగితే
రుమాలు సున్నమేసిన గోడ,
కండ్లు రెండు చేదబావులు,
తొంగిచూస్తె నీళ్లు కనవడయి.

ఆఖరికి మెటోల్, సల్ఫైట్. అంతే.
గటుకల ఉప్పేసినంత సాదా.
మెటోల్ తొంభై ఏడున్నర గ్రాములు
కంసాలి విఠోబా బంగారం త్రాసు మీద,
సల్ఫైట్ కిలో మున్నూరు
కిరాణా తక్కెడ మీద.
మెటోల్ ముందు కరగాలె, లేకుంటె అలుగుతది.
ఈ మందుకు తొందర లేదు.
తెలుపు కాడ అలిసి ఆగుతది,
నీడల కాడ మాత్రం
పోగొట్టుకున్న సూదిని ఎతికినట్టు ఎతుకుతనే ఉంటది.

చల్లదనానికి చేపల పెట్టెలకెళ్లి మంచు.
చీకటి గదిల ఎప్పుడూ బొచ్చె వాసన.
ఎంత మంచేసినా ఇరవై నాలుగు దిగదు,
జిలటిన్ ఉబ్బకుండ ఇంకో ఉప్పు చారెడు.

స్టీలు చట్రాలు లేపు, ఎడమకు వంచు, కారనీ, దించు.
మళ్ల లేపు, కుడికి.
గడియారం ముండ్లు ఎన్నడో మెరుసుడు మానినయి.
గజానన్ నోటితోనే లెక్కవెడ్తడు, మరాఠీల.
నేను మనసుల ఇరవై ఒకటి అనేసరికి
వాడు ఎక్వీస్ దాటి ఎటో పోయిండు.
మొదటి వారం షీట్లన్నీ పల్సగ వచ్చినయి.
మందుదే తప్పన్న,
కొత్త కోడలిని అన్నట్టు.

ఇప్పుడు వాడు తెలుగుల లెక్కవెట్టాలె, నేను మరాఠీల.
ఇద్దరం తడుముకుంట, నత్తుకుంట,
తప్పయితదేమోనని భయపడుకుంట చెప్తం.
నిమిషం నిమిషమంత పొడుగొస్తున్నది.

బక్కయ్య షీటును కిటికీకి అడ్డంగ పట్టి చూపిన.
రుమాలు మడతలు లెక్కవెట్టచ్చు.
నీడ దిక్కు చెవి, చెవికి పోగు,
నావ అంచుల మీద తాడు కోసిన గాడి.
ఆయన వాటిని చూడలె.
ఎనకముందైన మొఖాన్నే చూసుకొని
"పెండ్లినాడు గూడ ఇంత తెల్లగ లేను పోరగా,
ఇట్లనే ఉండనీ" అని
పండ్లు లేని నోటితోటి నవ్విండు.
కాయితం మీద తీయనియ్యలె ఇంక.
షీటును ధోతి కొంగుల చుట్టుకొని పోయిండు.

రాత్రి మూత పెట్టకముందు
షీటుకు ఇరవై మిల్లీల కొత్తది పోసిన.
తోడు ఏసినట్టే, కాకపోతే ఉల్టా:
ఇక్కడ పాతదే తోడు, కొత్తదే పాలు.
మందు కొంచెం మసకబారింది,
బక్కయ్యది ఎంతో కొంత అందుల కలిసే ఉంటది.

రేపు చేపల బండి జల్ది వస్తదట.
గజానన్‌కు బకెట్ ఇప్పుడే ఇయ్యాలె.