తడి ఆకు

ముప్పై రెండేళ్లు ఆ గంట మా నాయన చేతిలో మోగింది.
ఆదివారం తెల్లారి ఐదింటికి, మళ్లీ ఆరాధనకి,
పల్లెలో ఎవరన్నా పోతే
వాళ్ల వయసెంతో అన్ని దెబ్బలు.
తాడు రాసుకుని అరచేతులు కాయలు కాసినై.
చిన్నప్పుడు ముద్ద పెడితే పెదాలకి గరుగ్గా తగిలేది.

ఆయన పోయిన్నాడు మోగలేదు.

ఏం చేశాడని? లెక్క అడిగాడు.
గుడి పైకప్పుకని మూడేళ్లు వసూలు చేసిన చందా
ఒక్క రేకైనా కాకుండా ఎటు పోయిందని
సంఘం మీటింగులో లేచి నిలబడ్డాడు,
అప్పుడు కూడా తువ్వాలు భుజం మీంచి తీసి.
ఆ నెల నించి బల్ల దగ్గర ఆయనకి రొట్టె లేదు.
రిజిస్టర్లో పేరు మీద ఎర్ర గీత.
ఆ పెన్ను కొన్నది కూడా మా అమ్మ
ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడికని ముందు తీసిన
పిడికెడు బియ్యం డబ్బుల్తోనే.

పెట్టె మోసుకుని సమాధుల దొడ్డి దాకా పోయాం.
గేటుకి తాళం.
గోడ అవతల నించి సంఘపెద్ద జకరయ్య
"చందా బాకీ ఉందమ్మా" అన్నాడు,
ప్రార్థన ముగించినంత మెత్తగా.

కాలవ గట్టున పూడ్చాం.
పార మట్టిలో దిగినప్పుడల్లా ఒక దెబ్బ లెక్కపెట్టా.
డెబ్బై ఒకటి రావాలి.
నలభై దగ్గర గుంత చాలన్నారు.
మిగతా ముప్పై ఒకటి నా దగ్గరే ఉండిపోయినై.

వారం తిరక్కముందే పాస్టరమ్మ వచ్చింది, సపోటాలు తెచ్చింది.
"మనసులో పెట్టుకోబాకు సువార్తా,
క్షమించు, నీకే మంచిది."
మంచిదే అయ్యుండొచ్చు.
మంచినీళ్లిచ్చా. సపోటాలూ తీసుకున్నా, పండేం పాపం చేసింది.

కానీ అమ్మా, టంగుటూరు కంపెనీలో
ఇరవయ్యేళ్లుగా పొగాకు గ్రేడింగు చేస్తన్నా.
ఈనెలో తడి ఉండగానే బేలు కట్టించే మేస్త్రీలుంటారు.
పైకి బంగారం. తూకం కూడా ఎక్కువే తూగుద్ది.
నెల్లాళ్లకి గోతాం విప్పితే
లోపలంతా నలుపు, బూజు, ముక్కు పగిలే కంపు.
నా ఈనె పట్టుకు చూడకుండా
నన్ను బేలు కట్టమంటన్నారు మీరు.

నాయన మంచం ఉన్న మూల ఎవరికీ ఇవ్వలా.
కోపం వచ్చి అక్కడ కూచుంటది,
కాళ్లు చాపుకుని, ఇంటి మనిషిలాగా.
ఏడుపు దాని పక్కన.
ఒక్కోరోజు ఆ రెండూ కూడా మాట్లాడుకోవు.

"మనం దేవుడితో కటీఫా అమ్మా?" అన్నాడు పిల్లోడు.
తెలీదురా అన్నా.
రాత్రుళ్లు మటుకు పోట్లాడేది ఆయన్తోనే.
పిడికెడు తియ్యడం మానలా, చెయ్యి ఊరుకోదు.
డబ్బా నిండింది. ఎవరికివ్వాలో తేలక
వేపాకు వేసి మూత పెట్టా.

ఆదివారం ఐదింటికి గంట మోగుద్ది.
కొత్త కుర్రాడు, రెండో దెబ్బకే తడబడతాడు.
తాడు వదిలి పట్టుకోవాలని చెప్పేవాళ్లు లేరు.
అది ఆగిందాకా ఉండి, నేను బయటికొచ్చి
అదే పారతో బోరింగు మీద ఒక్కటి కొడతా.
ఎదురింటి దీనమ్మ అడిగితే
తుప్పు రాలగొడతన్నా అంటా.

ఐదు అయినై.
ఇంకా ఇరవై ఆరున్నై.