రెండు కట్టెల చప్పుడు

వ్యాను దిగేసరికి నడిరేయి.
ఏమీ కనపడలా.
వాసన మాత్రం ముందొచ్చి చెయ్యి పట్టుకుంది,
పలమనేరు దాటినాక గంగవరం దోవలో
వాన వెలిసిన జామాయిల్ తోపు వాసన.
“ఒరే చెంగల్రాయా, మనూరికే వొచ్చినామేందిరా” అన్నాను.
వాడు పలక సంచిని పసిబిడ్డ మాదిరి ఎత్తుకొని
నిద్రలోనే నవ్వినాడు.

తెల్లారినాక తెలిసింది
ఆ చెట్టు వాళ్ళదని.
నేను పుట్టకముందే ఫారెస్టోళ్ళ సంచుల్లో
విత్తనమై మా మిట్టలకు వలసొచ్చిందని.
బాయి నీళ్ళన్నీ తాగేసిందని
మా నాయన దాన్ని తిట్టని పొద్దు లేదు.
దాని ఎండాకు ఊడ్చుకొచ్చి
మాయమ్మ సంగటి కెలకని పొద్దూ లేదు.
ఆస్ట్రేలియాలో అది
తన బెరడు తాను వొలుచుకుంటా
ఎవురికీ సంజాయిషీ చెప్పకుండా నిలబడింది.
కొమ్మల్నిండా తెల్ల చిలకల పంచాయితీ.
మా తోపులో ఒక్క కాకిగూడు ఎరగను నేను.

ఎర్రమన్ను. కంచె. మళ్ళా ఎర్రమన్ను.
ఏటికి వంతెనుంది, నీళ్ళు లేవు.
మా కౌండిన్య గుర్తొచ్చి
వంతెన మీద కాసేపు ఊరికే నిలబడినాను.

పొద్దుగూకినాక డేరా కింద పాటల పండగ.
కోలిన్ అని ఒక ముసలాయన,
నలభై ఏండ్లు గొర్రెల బొచ్చు కత్తిరించి
వొంగిన నడుము మళ్ళా లేవలేదంట.
చేతుల్లో చిన్న తిత్తి వాయిద్యం,
కొలిమి మాదిరి ఊపిరి పీల్చి వొదలతా ఉంది.
మాట ఒక్కటీ తెలీదు నాకు.
వాన రాని ఏడాది, చచ్చిన గుర్రం, పంపని జాబు:
తప్పో ఒప్పో, నేనట్ల విన్నాను.
చెక్కలు తీసినాను.
రెండు చరణాలు పోయినాక తాళం చిక్కింది,
మూడో దాంట్లో జారిపోయింది.
కోలిన్ నా కోసం ఒక దరువు నిదానించినాడు.

కడా వరసలో మేవిస్ అనే పెద్దామె.
ఆ నేలకు పాతకాపులు వాళ్ళు.
లేచొచ్చి నా చెక్కలడిగి
ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది.
చండ్రమాను అని చెప్పినాను,
ఎవురూ తర్జుమా చెయ్యలేకపోయినారు.
తన రెండు కట్టెలు తీసి కొట్టింది.
టక్.
నూరేండ్లకు ముందే ఎవురో కొట్టి
ఇప్పుడు చేరినట్టుంది ఆ చప్పుడు.
గొర్రెకు ముందుది, కంచెకు ముందుదంట ఆ పాట.

మర్నాడు తనే ఒక వంక దగ్గరికి తోడుకోని పోయింది.
బోర్డు మీద ఎవురో దొర పేరు.
అసలు పేరు ఆమె మూడుసార్లు పలికింది.
మూడుసార్లు నా నాలిక తడబడింది.
ఆడ ఏం జరిగిందో బోర్డు చెప్పలేదు,
ఆమే చెప్పింది, కండ్లు నీళ్ళ మీద పెట్టి.
నీళ్ళు లేవు గదా, ఇసక మీద పెట్టి.

మా ఊరికి పడమట ఉరిమాను మిట్ట ఉంది.
పాళెగాని మనుషుల్ని కుంపిణీవోళ్ళు
వరసగా వేలాడదీసిన చోటంటారు.
చిన్నప్పుడు ఆడ రేగిపండ్లు ఏరుకున్నోళ్ళమే.
ఇప్పుడు సెల్ టవరుంది, సిగ్నలు బాగొస్తాది.
దాని మీద ఒక పాటుండేది,
మా గురువు మునెప్పకు సగమే వొచ్చు.
“మిగతా సగం యాడుంది సామీ” అంటే
తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకొనేవాడు.
ఆ సగం కూడా నేను రాసుకోలేదు.

ఇంటికొచ్చి నాలుగు నెలలయింది.
కాగితం మిల్లుకని తోపు నరకతా ఉండారు.
మొండేల నుంచి కారే వాసనకు
తలనొప్పో ఏందో తెలీని ఒకటి పట్టుకుంది.
వంక పేరు మరిచిపోయినాను.
మేవిస్ పలికినప్పుడు
వేలితో మోకాలి మీద లెక్కేసుకున్న దెబ్బలు మాత్రం
చేతికి జ్ఞాపకం. నాలుగు.
రొండు మొండేల మధ్య నిలబడి
నాలుగూ కొట్టినాను.
కూలోళ్ళు తలెత్తి చూసినారు.
“ఏందన్నా, భజనా?” అన్నాడొకడు.

లోడు లారీ హారన్ కొట్టింది.
పక్కకు జరిగినాను.